సన్‌రైజర్స్ వరుసగా నాలుగు ఓడింది: ఇంకా ఛాన్స్ ఉందా?

నిన్న మార్కాపురంలో ఫ్రెండ్ రూమ్‌లో గుజరాత్ మ్యాచ్ చూశాం. 17వ ఓవర్లోనే వాళ్లు కొట్టేశారు. టీవీ ఆపేశాక ఎవడూ మాట్లాడలేదు.

మార్చి 23న రాజస్థాన్ మీద 286 కొట్టినప్పుడు ఇదే రూమ్‌లో ఈలలు వేశాం. ఈ సీజన్‌లో 300 ఖాయం అనుకున్నాం. తర్వాత మన స్కోర్లు చూడండి: 190, 163, 120, 152. నాలుగూ ఓటములే.

అన్నిట్లోకి కోల్‌కతా మ్యాచ్ గట్టి దెబ్బ. వాళ్లు 200, మనం 16.4 ఓవర్లకే 120 ఆలౌట్. ఆలౌట్ అయితే నెట్ రన్‌రేట్‌లో మొత్తం 20 ఓవర్లూ లెక్కేస్తారు. అంటే వాళ్లది ఓవర్‌కి 10, మనది 6. ఆ ఒక్క మ్యాచ్‌లోనే మైనస్ 4. రేపు పాయింట్లు సమానమైతే ఇదే మన కొంప ముంచుతుంది.

ఇప్పుడు 5 మ్యాచ్‌లు, 2 పాయింట్లు. 16కి చేరాలంటే మిగిలిన 9లో 7 గెలవాలి.

కొట్టడం మానేయమని నేను అనట్లేదు. 2024లో ఫైనల్‌కి తీసుకెళ్లింది ఆ ఆటే. కానీ సర్వర్ పడిపోతే బ్యాకప్ ఉండాలి కదా? మొదట్లోనే మూడు వికెట్లు పడ్డాక ఒకడైనా నిలబడి 160ని 180 చెయ్యాలి. మనకి లేనిది అదే.

2016లో కూడా మొదటి రెండూ ఓడాం, చివరికి కప్పు కొట్టాం. శనివారం ఉప్పల్‌లో పంజాబ్‌తో మ్యాచ్. తిట్టుకుంటూనే చూస్తాం. ఉంటానండి.