లేవనంటున్న ల్యాప్‌టాప్

బీరువాలో బట్టల కిందో, మంచం అడుగున సూట్‌కేసులోనో ఓ పాత ల్యాప్‌టాప్ ఉండని మధ్యతరగతి ఇల్లు పట్నాల్లో ఇప్పుడు తక్కువే. అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నదో, అబ్బాయి అమెరికా వెళ్తూ వదిలేసి పోయిందో. పెళ్లి ఫొటోలకో, స్కాన్ చేసి దాచిన సర్టిఫికెట్లకో దాంతో అవసరం పడుతుంది. తీసి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఇంకాస్త గట్టిగా నొక్కుతారు. ఇంతలో పక్కింటి కుర్రాడొచ్చి ‘మదర్‌బోర్డు పోయుంటుంది ఆంటీ, కొత్తది కొనేసుకోండి’ అని తేల్చేస్తాడు.

తీర్పు తొందరపడింది. బటన్ నొక్కాక విండోస్ కనబడేలోపు ల్యాప్‌టాప్‌లో చాలా పనులు వరుసగా జరగాలి. అడాప్టర్ కరెంటు బోర్డు దాకా రావాలి. బోర్డు మీద ఎప్పుడూ మెలకువగా ఉండే చిన్న కంట్రోలర్ చిప్ బటన్ నొక్కిన సంగతి పసిగట్టాలి. అది సరేనంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ కావాల్సిన వోల్టేజీలు ఒకదాని వెంట ఒకటి పుట్టాలి. ఆపైన బయోస్ అనే తొలి ప్రోగ్రామ్ లేచి ర్యామ్‌ను పరీక్షించాలి, తెర వెలగాలి, ఆఖరున డిస్కులోంచి విండోస్ రావాలి. పని ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూసుకోవడమే మన వంతు. రిపేరు షాపులవాళ్లు దీన్ని పొట్టిగా చెబుతారు: లైటే వెలగకపోతే ‘డెడ్’, లైటు వెలిగినా తెర నల్లగా ఉంటే ‘నో డిస్‌ప్లే’. తెర మీద అక్షరాలు వచ్చి ఆగిపోతే బోర్డు దాదాపు క్షేమం, డిస్కు వైపు చూడాలి.

లైటే లేదు

ముందు ప్లగ్గు మార్చి చూడండి. నవ్వొచ్చే సలహానే కానీ, వదులైన ఎక్స్‌టెన్షన్ బాక్సు వల్ల షాపు దాకా వెళ్లే ల్యాప్‌టాప్‌లు తక్కువేం కాదు. తర్వాత అడాప్టర్. పిన్ను మొదట్లో, తీగ రోజూ మడతపడే చోట లోపల తెగిపోవడం దీని పాత అలవాటు. వీధిలో ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది. అడాప్టర్ మీద 19 అనో 19.5 అనో 20 అనో రాసి ఉన్న వోల్టులు పిన్ను దగ్గర వస్తున్నాయేమో చూపించుకోవచ్చు. మీటరులో 19 చూపించి, లోడు పడగానే కూలిపోయేవీ ఉంటాయి. అందుకే అదే వోల్టేజీ, అదే రకం పిన్ను, వాట్లు అంతకు తగ్గని ఇంకో అడాప్టర్ పెట్టి చూడటమే గట్టి పరీక్ష. డెల్ లాంటి కొన్నింటిలో పిన్ను నడుమ సన్నటి మరో పిన్ను ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో అది ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. అది విరిగితే ల్యాప్‌టాప్ నడిచినా బ్యాటరీ ఛార్జ్ కాదు.

అడాప్టర్ బాగుంటే, దాన్ని తీసేసి, బ్యాటరీ కూడా ఊడదీసి, పవర్ బటన్‌ను ఒక 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆపైన అడాప్టర్ మాత్రమే పెట్టి ఆన్ చేయండి. ఇది మంత్రమేం కాదు. బోర్డు మీద కెపాసిటర్లలో మిగిలిపోయిన కరెంటు వదిలిపోతే, ఏదో ఒక స్థితిలో బిగుసుకుపోయిన ఆ కంట్రోలర్ చిప్ మళ్లీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది. పైసా ఖర్చు లేని ఈ పనితో లేచి కూర్చునేవి చాలానే ఉంటాయి. బ్యాటరీ లోపలే ఉండే మోడల్ అయితే అడుగు మూత తీసి దాని కనెక్టర్ ఊడదీయాలి. మూత తీయడం చేతకాకపోతే అక్కడ ఆగిపోవడంలో తప్పులేదు.

ఒక్క హెచ్చరిక. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత కీళ్ల దగ్గర విచ్చుకున్నా లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. దానికిక ఛార్జింగ్ పెట్టొద్దు, వంచొద్దు, గుచ్చొద్దు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఇంట్లో ఆర్పడం మాటలు కాదు.

లైటుంది, తెర లేదు

క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల పని నడుస్తోంది, తెర మాత్రమే మొరాయించింది. చీకట్లో సెల్‌ఫోన్ టార్చిని తెర మీదికి ఏటవాలుగా వేసి చూస్తే అక్షరాలు మసగ్గా కనిపించాయంటే వెనకలైటు పోయింది. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపితే ఇంకా స్పష్టంగా తేలిపోతుంది.

టీవీలోనూ ఏమీ రాకపోతే ర్యామ్‌ను అనుమానించాలి. బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీసేశాక ర్యామ్ ముక్క ఊడదీసి, దాని బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది, పొడి దులిపి మళ్లీ క్లిక్కుమనేదాకా నొక్కాలి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ అంచులు త్వరగా మసిబారతాయి. చాలా మోడళ్లు తమ బాధ తామే చెబుతాయి కూడా: కొన్ని బీప్‌లు కొడతాయి, హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు, డెల్‌లో బ్యాటరీ లైటు లెక్కపెట్టి మిణుకుతాయి. ఎన్నిసార్లు మిణికిందో రాసుకుని కంపెనీ మాన్యువల్‌లో చూస్తే ప్రాసెసరా, ర్యామా, బయోసా అన్నది తెలుస్తుంది. ఈ లెక్క రాసుకుని షాపుకెళ్లేవాళ్లు అరుదు.

తెర వచ్చాక తేదీ పాత సంవత్సరాల్లోకి వెళ్లిపోతోందంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. చాలావాటిలో అది సీఆర్ 2032 రకం, 3 వోల్టులు. కొన్ని పాత మోడళ్లు అది చచ్చిపోతే లేవనే లేవవు. మార్చాక ఇంకో చిక్కు రావచ్చు. బయోస్ సెట్టింగులన్నీ మొదటికొచ్చి డిస్కు మోడ్ మారిపోతుంది, నిక్షేపంలాంటి విండోస్ కూడా బూట్ కాదు. పాపం, చాలామంది అప్పుడు డిస్కు పోయిందనుకుంటారు.

షాపు బల్ల మీద

ఇంటి చిట్కాలన్నీ అయ్యాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, మీ ఊళ్లో బోర్డు పని తెలిసిన మెకానిక్ దగ్గరికో వెళ్లక తప్పదు. అసలైన ముచ్చట ఇక్కడే ఉంది. మంచి మెకానిక్ మొదట స్క్రూడ్రైవర్ తీయడు. ల్యాప్‌టాప్‌ను డీసీ పవర్ సప్లైకి కలిపి, బటన్ నొక్కి, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో నాడి పట్టినట్టు చూస్తాడు. ముల్లు అసలు కదలలేదా, ఛార్జింగ్ జాక్ దగ్గరో, దాని వెంటనే ఉండే మాస్‌ఫెట్ స్విచ్చుల దగ్గరో దారి మూసుకుపోయి ఉండొచ్చు. పెట్టీపెట్టగానే కరెంటు ఎగిసి సప్లై కట్ అయిందా, బోర్డులో షార్ట్. కాస్త పైకెళ్లి ఒక చోట నిలిచిపోయి, పడిపోయి, మళ్లీ లేస్తోందా, ర్యామో బయోసో కంట్రోలర్‌ను మళ్లీ మళ్లీ మొదటికి పంపుతోంది.

షార్ట్ అయితే వెతుకులాట ఇంకా బాగుంటుంది. అనుమానం ఉన్న లైనులోకి ఒక వోల్టు లాంటి తక్కువ వోల్టేజీ ఎక్కించి, బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తారు. ఎక్కడ ముందు ఆరిపోతే దొంగ అక్కడున్నట్టు. చాలాసార్లు ఆ దొంగ ఆవగింజంత సిరామిక్ కెపాసిటర్. దాన్ని తీసేస్తే బోర్డు లేస్తుంది. బయోస్ పాడైతే ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌ను ప్రోగ్రామర్‌లో పెట్టి కొత్త ఫైలు ఎక్కిస్తారు. ఇవేవీ ‘మదర్‌బోర్డు మార్చడం’ కాదు, ఖర్చూ అంత కాదు. అందుకే బోర్డు పోయిందని చెప్పిన షాపులో ‘ఏ లైను షార్ట్ అయింది? ఎన్ని ఆంపియర్లు లాగుతోంది?’ అని అడగండి. జవాబు రాకపోతే ఇంకో షాపు చూసుకోండి.

హీట్ గన్‌కు మాత్రం ఒప్పుకోవద్దు. 2008లో ఎన్‌విడియా తన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు కొన్ని మామూలును మించి చెడిపోతున్నాయని, ప్యాకేజీ పదార్థం బలహీనమని ప్రకటించి, దానికోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. చిప్‌ను వేడిచేసి బాగుచేశామనే చిట్కా అలాంటి చిప్‌ల వల్లే బాగా వ్యాపించింది. వేడికి లోపలి అతుకులు తాత్కాలికంగా కలుస్తాయి, కొన్నాళ్లకు మళ్లీ విడిపోతాయి. డబ్బులు మాత్రం తిరిగి రావు.

డిస్కు సంగతి

బూట్ డివైస్ దొరకలేదని తెర మీద వస్తే చెవి పెట్టి వినండి. టిక్, టిక్ మంటుంటే వెంటనే ఆపేయండి. ప్రతి ప్రయత్నం పళ్లెం మీద గీత పెంచుతుంది. అందులో ఫొటోలు ముఖ్యమైతే డేటా రికవరీ వాళ్లకే ఇవ్వాలి. చప్పుడు లేకపోతే ఆ 2.5 అంగుళాల డిస్కు ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌లో చూడొచ్చు. డిస్కుకు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫైళ్లు కాపీ అయ్యేదాకా విండోస్ మళ్లీ ఎక్కించమని ఎవరికీ చెప్పకండి.

డేటా చేతికొచ్చాక, బోర్డు బాగుంటే, పాత డిస్కు స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే ల్యాప్‌టాప్‌లో చురుకు బాగా కనిపిస్తుంది. అయితే విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను చాలావరకు విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, సినిమాలు చూడటానికి, పిల్లల చదువుకి లినక్స్ మింట్ ఎక్కిస్తే నిశ్చింతగా నడుస్తుంది. బాగుచేసే ఖర్చు వాడిన ల్యాప్‌టాప్ ధరలో సగం దాటితే ఆశ వదులుకోండి. ర్యామ్, అడాప్టర్, బాగున్న తెరకు ఆ షాపుల్లోనే కొనేవాళ్లుంటారు. డిస్కు మాత్రం ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి.