టోనీ పేరిట వెలసిన చట్టం

2020 జూన్ నెల. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో కింగ్స్ హిల్ అనే ఊరి బాటల మీద అయిదేళ్ల బాలుడొకడు ఊతకర్రలు ఆనుకొని, రెండు కృత్రిమ కాళ్లపై తప్పటడుగులు వేస్తూ నడుస్తున్నాడు. నెల తిరిగేలోగా పది కిలోమీటర్లు పూర్తి చేయాలని అతని పట్టుదల. నూరవ పుట్టినరోజు ముంగిట తన ఇంటి తోటలో నూరుసార్లు పచార్లు చేసి, దేశ ఆరోగ్య సేవకు నిధులు కూడగట్టిన వృద్ధ సైనికుడు కెప్టెన్ టామ్ మూర్‌ను చూసి కలిగిన ముచ్చట అది. తనకు చికిత్స చేసిన లండన్ ఎవలీనా బాలల వైద్యశాలకు 500 పౌన్లు ఇవ్వగలిగితే చాలుననుకున్నాడు. పోగయినది 10 లక్షల పౌన్లకు పైమాటే.

ఆ బాలుని పేరు టోనీ హడ్జెల్. పుట్టుకతో అతనికి ఏ లోపమూ లేదు.

2014లో, పుట్టిన 41వ రోజున, కన్నవారి చేతిలోనే ఆ పసికందు చిత్రహింసకు గురయ్యాడు. ఎముకలు విరిగాయి, కీళ్లు తొలగాయి, ముఖం కమిలిపోయింది. ఆ స్థితిలో బిడ్డను పది దినాలపాటు వైద్యం లేకుండా ఇంట ఉంచారు. వైద్యశాలకు చేరేసరికి ఒళ్లంతా విషపూరితమై అవయవాలు పనిచేయడం మానుతున్నాయి. ప్రాణం దక్కింది గాని కాళ్లు దక్కలేదు. 2017లో రెండింటినీ తొలగించవలసి వచ్చింది.

నాలుగు నెలల వయసులో అతనిని పెంపకానికి తీసుకున్నవారు పౌలా, మార్క్ హడ్జెల్ దంపతులు. కొంతకాలం సాకి అప్పగించవలసిన బిడ్డ కాస్తా ఇంటివాడయ్యాడు. 2016లో దత్తత తీసుకున్నారు.

ఇక న్యాయస్థానపు సంగతి. పాఠకులు ఇక్కడ ఒక చిక్కును గ్రహించాలి. మూసిన తలుపుల వెనుక ఇద్దరే పెద్దలుండగా పసిబిడ్డ గాయపడితే, కొట్టినది ఎవరు? ఇద్దరూ నోరు మెదపరు, లేదా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. సాక్ష్యం పలకవలసిన బిడ్డకు మాటలు రావు. చేసినది ఎవరో రుజువు కానప్పుడు ఇద్దరినీ వదలిపెట్టక తప్పని దుస్థితి ఇంగ్లండు న్యాయస్థానాలలో చాలాకాలం సాగింది. దీనికి విరుగుడుగా 2004లో ఒక చట్టం చేశారు. బిడ్డ మరణానికి కారకులైనా, జరుగుతుంటే అడ్డుపడక ఊరుకున్నా నేరమే, చేయి ఎవరిదో విడిగా తేల్చనక్కరలేదు. 2012లో ప్రాణం పోకుండా తీవ్రగాయాలు తగిలిన సందర్భాలకు కూడా దానిని విస్తరించారు. అయితే చేసినవారిని, చూస్తూ ఊరుకున్నవారిని ఒకే త్రాసున తూచే చట్టం గనుక, శిక్షకు హద్దులు తక్కువగానే గీశారు. మరణమైతే 14 ఏళ్లు, గాయాలైతే 10 ఏళ్లు.

టోనీ విషయంలో ఆ పదేళ్లు కూడా సులభంగా రాలేదు. నేరం ఎవరిదో తేల్చలేమంటూ అభియోగ విభాగం మొదట కేసు వదులుకున్నది. పౌలా వదలలేదు. పైవారికి లేఖలు వ్రాసి, పునఃపరిశీలన జరిగేదాకా వెంటపడింది. 2018 ఫిబ్రవరిలో మేడ్‌స్టోన్ న్యాయస్థానం కన్నవారిద్దరికీ పదేసి సంవత్సరాల కారాగారం విధించింది. న్యాయమూర్తి చేతిలో అంతకు మించి లేదు. నాటి నిబంధనల ప్రకారం అందులో సగం గడిస్తే షరతులపై వెలుపలికి రావచ్చు. బిడ్డ మాత్రం జీవితాంతం కృత్రిమ కాళ్లపైనే నడవాలి. లెక్క ఎక్కడో తప్పిందని పౌలాకు తోచడంలో వింతేమున్నది?

స్థానిక పార్లమెంటు సభ్యుడు టామ్ టుగెన్‌హాట్ 2019లో తెచ్చిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. మరుసటి ఏడు టోనీ నడిచిన నడక, ఎన్ని ఉపన్యాసాలు చేయలేని పనిని చేసింది. ఆ బాలుని ముఖం ఇంటింటా తెలిసిపోయింది. ప్రభుత్వం 2021లో దిగివచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజామోదం పొందిన చట్టంలో కొత్త హద్దులు చేరాయి. పిల్లల పట్ల క్రూరత్వానికి, తీవ్రగాయాలకు 14 ఏళ్లు, మరణానికి యావజ్జీవం. అదే ఏడు జూన్ 28న అవి అమలులోకి వచ్చాయి.

పెంచిన శిక్ష వెనుకటి నేరానికి వర్తించదు. టోనీని హింసించినవారి శిక్షలో ఒక్క దినం కూడా పెరగలేదు. ఆ సంగతి పౌలాకు ముందే తెలుసు, తెలిసే పోరాడింది.

శిక్ష పెరిగినంత మాత్రాన హింస తగ్గుతుందా అన్న సందేహం సహజమే. నెలలు నిండని బిడ్డపై చేయి చేసుకునేవాడు చట్టపు సెక్షన్లు తిరగవేసి చూడడు. పొరుగువారి చెవి, నర్సు కన్ను, సంరక్షణాధికారి రాకపోకలు అంతకంటె ముందు బిడ్డను కాపాడాలి. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షకుల క్రూరత్వానికి సాధారణంగా మూడేళ్లు, బిడ్డ అంగవికలుడైతే మూడు నుండి పదేళ్లు శిక్ష. అమలులో ఆ సెక్షన్ ఎంత కనిపిస్తున్నదన్నది వేరే ప్రశ్న.

బ్రిటిష్ ప్రభుత్వం ఆ కుటుంబాన్ని విస్మరించలేదు. బాలల సేవకుగాను పౌలాకు 2022 నూతన సంవత్సర పురస్కారాలలో ఓ.బి.ఇ. బిరుదు దక్కింది. 2024 జాబితాలో టోనీ పేరే వచ్చింది. బ్రిటిష్ ఎంపైర్ పతకం అందుకున్నప్పుడు అతని వయసు తొమ్మిదేళ్లు, నూతన సంవత్సర పురస్కారాల చరిత్రలోనే అందరికంటె చిన్నవాడు. చట్టపు పాఠంలో మాత్రం అతని పేరు ఎక్కడా లేదు. జనమే దానిని టోనీ చట్టమని పిలుచుకుంటున్నారు.