ఎరువునకును దిగుబడికిని గల లెక్క

పాఠశాలలో బీజగణితము నేర్చుకొనునపుడు ఈ సమీకరణములతో సేద్యమునకేమి పని యని మేము విసుగుకొనెడివారము. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక రైతు పొలమున రెండే మడులు చూచితిమి. ఎరువు వేసిన మడి బాగుగా పండెను గనుక, రెట్టింపు వేసిన లాభమును రెట్టింపగునని చెప్పితిమి. ఆయన అప్పు తెచ్చి వేసెను. పైరు ఏపుగా పెరిగి, వెన్ను వేసిన పిమ్మట నేలకొరిగెను, అప్పు నిలిచెను. రెండు చుక్కలను చూచినవానికి తిన్నని గీత తప్ప మరేమి తోచును?

అయిదు మడులున్నవనుకొందము. (అంకెలు లెక్క తెలియుటకై మేము కల్పించినవి.) ఎకరమునకు యూరియా వేయనిచో ధాన్యము 9½ బస్తాలు; 45 కిలోల మూట యొకటి వేసిన 17, రెండు వేసిన 20, మూడు వేసిన 21, నాలుగు వేసిన 22½. గళ్ల కాగితముపై అడుగున మూటలను, ప్రక్కన బస్తాలను గుర్తించి చుక్కలు పెట్టుడు.

వీనికి సరిపడు గీత యేది? ప్రతి చుక్కయు గీతకెంత యెడముగా నున్నదో చూచి, ఆ యెడమును దానితోనే గుణించి, అన్నిటిని కూడవలెను. మొత్తము మిక్కిలి తక్కువైన గీత మేలైనది. గుణింపనిచో పైనున్నవియు క్రిందనున్నవియు ఒకదానినొకటి కొట్టివేయును గదా. ఫ్రాన్సుదేశీయుడగు లెజాండ్రు ఈ పద్ధతిని 1805లో ప్రకటించెను.

తిన్నని గీతలలో మేలైనది మూటలను 3తో గుణించి 12 కలుపుమనును. తప్పుల మొత్తము 16½. వంపు గీత మూటలను 7తో గుణించి, మూటల వర్గమును తీసివేసి, 10 కలుపుమనును. మూడు మూటలకు 21లో 9 పోగా 12, దానికి 10 కూడగా 22. ఇందు తప్పుల మొత్తము 2½ మాత్రమే.

ఇంకొక పదము చేర్చినచో గీత అయిదు చుక్కలను తాకును, తప్పు సున్న యగును. సంతోషింపకుడు! ఆ గీతయే ఆరు మూటలకు 37 బస్తాలు పండునని చెప్పును. ఒక మడిలో ఎలుకలు కొట్టియుండవచ్చును, వేరొకదానిపై చెట్టునీడ పడియుండవచ్చును. ఆ గీత వానిని గూడ ఎరువు గుణమని లెక్కించినది. నాలుగు మూటలు దాటిన తరువాత వంపు గీతను సైతము మేము నమ్మము, అచ్చట మడి లేదు గనుక.

వంపు గీత ప్రకారము మొదటి మూటకు 6 బస్తాలు, రెండవదానికి 4, మూడవదానికి 2 అధికముగా వచ్చును. నాలుగవదానికి ఏమియు లేదు. మడిలో కనబడిన బస్తాన్నర ఆ మడి అదృష్టము కావచ్చును. మూట వెల, కూలి, వడ్డీ కలిసి ఒక బస్తా ధాన్యమునకు సరియైనచో మూడవ మూటతో ఆగవలెను. జర్మనీలో మిచెర్లిష్ 1909లో కట్టిన సూత్రమున దిగుబడి తగ్గదు గాని, ప్రతి మోతాదునకును పెరుగుదల సన్నగిల్లుచుండును.

ఒక్కొక్క మోతాదును రెండు మూడు మడులలో వేయుడు. ఎరువు వేయని మడిని విడుచుటకు మనసొప్పదు, ఎరుగుదుము. అది లేనిదే గీతకు మొదలు లేదు. కోతనాడు ఏ మడి ధాన్యము ఆ మడిగా తూచి వ్రాసికొని రండు; గళ్ల కాగితము మేము తెత్తుము.