గోవా పాకలో ఒక మధ్యాహ్నం

గుంటూరులోనో, నంద్యాలలోనో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా చేరే మనవాళ్ళకు కొదవలేదు. అక్కడ బాగా, కలంగూట్ తీరాల్లో వానాకాలం వెళ్ళగానే వెదుళ్ళతో, ఆకులతో పాకలు లేస్తాయి. ఇసుకలో వాలుకుర్చీ, చేతిలో చల్లని గ్లాసు, ఓ మూల గిటారు మీటుతూ పాడే కుర్రవాడు. పన్నెండింటికి కూర్చున్నవారికి అయిదు ఎప్పుడయిందో తెలియదు. ఆ హాయిని నేను కాదనను. నేనూ కూర్చున్నాను, నిమ్మకాయ సోడాతోనే అనుకోండి.

మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. అది చదివి రేపే అందరూ మానేస్తారన్న భ్రమ నాకు లేదు. అందుచేత మా తోడల్లుడి సంగతి చెబుతాను.

ఆయనకు యాభై దాటాయి, షుగరు వ్యాధి ఉంది. గ్లిమిపిరైడ్ మాత్ర వాడతాడు. ఆ రోజు పొద్దున మాత్ర వేసుకుని, సగం పావురొట్టె తిని, స్నేహితులతో పాకకు వెళ్ళాడు. రెండు సీసాల బీరు, నాలుగు వేపుడు చేప ముక్కలు. బీరు తాగాం కాబట్టి అన్నం మానేస్తే లెక్క సరిపోతుందని ఆయన లెక్క! నాలుగింటికి మాట ముద్దగా వచ్చింది. ఒళ్ళంతా చెమట. పాడే కుర్రవాడి మీద అకారణంగా కసిరి, కాసేపటికి కుర్చీలో ఒరిగిపోయాడు. “బాగా ఎక్కింది, పడుకోనివ్వండి” అని స్నేహితులు నవ్వుకుని మళ్ళీ పాటలో పడ్డారు. గ్లాసులు తీయడానికి వచ్చిన పనివాడు చెయ్యి తగిలి, ఇంత చల్లగా ఉందేమిటని కేకవేశాడు. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో చక్కెర 34! నరంలోకి గ్లూకోజు ఎక్కించిన తరువాత కళ్ళు తెరిచాడు.

ఆ సమయంలో నేను బసలో నిద్రపోతున్నాను. పొద్దున ఆయన మాత్ర వేసుకోవడం చూసినవాణ్ణి. కడుపు నిండా తినమని ఒక్క మాట అనవలసింది. సెలవుల్లో కూడా డాక్టరుగిరీయేనా అని వెక్కిరిస్తాడని ఊరుకున్నాను.

ఇలా ఎందుకు జరుగుతుంది? మనం తినకపోయినా కాలేయం తన నిల్వలోంచి చక్కెర విడుదల చేస్తుంది, నిల్వ తరిగితే కొత్తగా తయారు చేస్తుంది. మద్యం లోపలికి వెళ్ళాక దాన్ని విరిచే పనిలో పడి, ఈ తయారీ కుంటుపడుతుంది. ఇటు మాత్ర మాత్రం చక్కెరను దించుతూనే ఉంటుంది. చక్కెర పడిపోయినప్పుడు కనిపించే తడబాటు, చెమట, చిరాకు, మగత అచ్చం తాగిన మైకంలాగే ఉంటాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

కాబట్టి మీ బృందంలో షుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడేవారు మగతగా పడివుంటే మైకమని తేల్చేయకండి. తెలివి ఉండి మింగగలిగితే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, తరువాత తిండి పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో చుక్క కూడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. తేరుకున్నా ఇంటికి తీసుకుపోవద్దు. ఈ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, రాత్రి మళ్ళీ పడిపోవచ్చు.

షుగరు లేనివారికీ రెండు మాటలు. బీరు దాహం తీర్చదు, మూత్రంగా ఇంకా నీటిని లాగేస్తుంది. మన విశాఖ తీరంలో మధ్యాహ్నం దాటితే ఎండ వీపు మీద పడుతుంది. గోవాలో సూర్యుడు సముద్రంలోకే దిగుతాడు గనుక సాయంత్రం దాకా ఎండ ముఖాన్నే కొడుతుంది. గ్లాసుకు గ్లాసు మంచినీళ్ళు తాగండి. ఎనిమిది శాతం ఘాటున్న పెద్ద సీసా ఒక్కటి ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. చన్నీళ్ళ స్నానం, కాఫీ దాన్ని తొందరపెట్టలేవు. ఆ లోపల అద్దె స్కూటరు ముట్టవద్దు, సముద్రంలో దిగవద్దు. స్పీకరు పక్కన కూర్చున్నాక చెవుల్లో గుయ్‌మంటే, మరుసటి రోజు కుర్చీ దూరంగా వేయించుకోండి.

మా తోడల్లుడు ఇప్పటికీ గోవా వెళతాడు. మానమన్నాను, వినలేదు. అయితే ముందు అన్నం, చేపల పులుసు తిన్న తరువాతే ఒక చిన్న సీసా. చొక్కా జేబులో గ్లూకోజు పొట్లం. పాకలో అడుగు పెట్టగానే వడ్డించే పనివాణ్ణి పిలిచి తనకు షుగరుందని చెబుతాడట. స్నేహితుల కంటే అతనే నయమని ఆయన నమ్మకం.