సీసాలోని నీరంతా ఒకటి కాదు

గోదావరి వరద తీసిన తరువాత భద్రాచలము మన్యములో భయపెట్టే వ్యాధి అతిసారము. భద్రాచలము వద్ద నదిమట్టము 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఇటువంటి వరదలలో బావులు, చెలమలు మురుగుతో కలుషితమవుతాయి. వాంతులు, విరేచనాలు బయలుదేరుతాయి. ఎండాకాలములో తునికాకు కోతకు పోయినవారు వడదెబ్బ తింటారు. వానాకాలములో మలేరియా, డెంగీ జ్వరాలు వస్తాయి. ఇన్నిటికీ పల్లెలలో సాధారణముగా కోరే వైద్యము ఒక్కటే: ఒక సీసా ఎక్కించడము. కాని సీసాలలోని ద్రవాలన్నీ ఒకటి కావు. ఎవరికి ఏది ఎక్కించవలె నన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. దీనికి సమాధానము మన పాఠశాలలో చెప్పే ద్రవాభిసరణము పాఠములోనే ఉన్నది.

ఒంటిలో నీరు ఎక్కడ ఉన్నది?

60 కిలోల బరువున్న మనిషి శరీరములో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుంది. అందులో 24 లీటర్లు జీవకణాల లోపల, 12 లీటర్లు వెలుపల ఉంటాయి. ఈ 12 లీటర్లలో రక్తనాళాలలో ప్రవహించేది 3 లీటర్లు మాత్రమే. కణపు పొర గుండా నీరు సులభముగా పోతుంది. సోడియమును మాత్రము కణము లోపల నిలువనీయదు. కాబట్టి ఉప్పు ఎటు ఉంటే నీరు అటు నిలుస్తుంది.

సెలైను అంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణము. అది కణాలలోనికి పోక వెలుపలనే ఉంటుంది. లీటరు ఎక్కిస్తే సుమారు 250 మిల్లీలీటర్లు రక్తములో నిలుస్తాయి.

5 శాతము గ్లూకోజు సంగతి వేరు. వట్టి నీటిని నరములోనికి ఎక్కిస్తే ఎర్రకణాలు ఉబ్బి పగులుతాయి. అట్లు కాకుండా గ్లూకోజు కాపాడుతుంది. కాని ఒంటిలో చేరిన తరువాత కణాలు ఆ గ్లూకోజును వాడుకొంటాయి. మిగిలేది వట్టి నీరే. అది 36 లీటర్లలోను కలిసిపోతుంది. లీటరులో రక్తానికి దక్కేది 80 మిల్లీలీటర్లకు కొంచెము ఎక్కువ. నాడి అందని రోగికి ఇది ఏమూలకు? పైగా రక్తములో సోడియము పలుచబడి, మెదడు కణాలు ఉబ్బి, మూర్ఛలు రావచ్చును. ఇక బలము మాటకు వస్తే, అరలీటరు సీసాలో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజు. శ్రీరామనవమి నాటి పానకము ఒక గ్లాసు త్రాగినా ఇంచుమించు అంత శక్తి వస్తుంది!

పోయినదానినే తిరిగి ఇవ్వవలెను

కలరా రోగుల రక్తములో నీరు, లవణము, క్షారము తగ్గిపోతాయని ఓషానెసీ అనే యువవైద్యుడు 1831-32లో కనుగొన్నాడు. మన దేశములో మొదట తంతి తీగలు వేయించినది ఈయనే. ఆ సూచనను అనుసరించి 1832లో స్కాట్లండులో థామస్ లాట్టా రోగుల నరములలోనికి ఉప్పునీరు ఎక్కించాడు. తరువాత సిడ్నీ రింగరు కప్ప గుండెపై ప్రయోగాలు చేసి పొటాసియము, కాల్షియముల అవసరమును చూపాడు. అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేటును చేర్చాడు. కాలేయము దానిని క్షారముగా మారుస్తుంది. ఇదే నేటి రింగర్ లాక్టేటు. విరేచనాలతో తీవ్రముగా ఎండిపోయిన రోగికి ఇది మేలైనది, దొరకనప్పుడు సెలైను. సాధారణముగా కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు ఇస్తారు: ఏడాది దాటినవారికి 3 గంటలలో, పసికందులకు 6 గంటలలో.

వ్యాధిని బట్టి ఎంపిక

వడదెబ్బ తిన్నవానికి మొదట ఒళ్ళు చల్లబరచవలెను. సీసా కోసము అది ఆగరాదు. డెంగీలో రక్తపు ద్రవభాగము నాళాల నుండి కారిపోతుంది. సెలైను వంటి ద్రవమును కొలిచి, రోగిని గంటగంటకు చూస్తూ ఇవ్వవలెను. మలేరియా వంటి తీవ్ర జ్వరముతో ఉన్న బిడ్డకు తొందరపడి ఎక్కువ ద్రవము పోయరాదు. 2011లో వెలువడిన ఆఫ్రికా పరిశోధనలో, విరేచనాలు లేని జ్వరపు పిల్లలకు అట్లు త్వరగా ఎక్కించగా మరణాలు తగ్గలేదు సరిగదా, పెరిగాయి. ఐతే మలేరియాలో రక్తములోని చక్కెర పడిపోయినప్పుడు గ్లూకోజే ప్రాణము నిలిపే మందు. అనగా, ఏ ద్రవమూ తనంత తాను మంచిది కాదు, చెడ్డది కాదు. ఎంపిక, మోతాదు వైద్యునివే.

అడవి పల్లె నుండి భద్రాచలము చేరడానికి, అవసరమైతే అక్కడినుండి ఖమ్మము పోవడానికి గంటలు పడుతుంది. అందుచేత త్రాగగలిగిన రోగికి మొదటినుండే ఓ.ఆర్.ఎస్. పట్టించవలెను. ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపే ఆ పొట్లములో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, పొటాసియము, సిట్రేటు లవణాలు ఉంటాయి. ఇక్కడ గ్లూకోజు చేసే పని ప్రేగు ఉప్పును, నీటిని పీల్చుకొనేటట్లు చేయడము. రోగి స్పృహ తప్పినా, త్రాగలేకపోయినా ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో బంగాళాదుంప ముక్కలను ఒకటి మంచినీటిలో, మరొకటి చిక్కని ఉప్పునీటిలో వేసి గంట తరువాత చూపవచ్చును. మొదటిది బిగిసి ఉంటుంది, రెండవది వడలిపోతుంది. ఆ తేడాకు కారణము చెప్పగలిగిన విద్యార్థి, ఇంటిలో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు “సీసా ఎక్కించండి” అనడు, “ఏ సీసా? ఎందుకు?” అని అడుగుతాడు.