ఇంజన్ నంబర్ చదవడం వస్తేనే పాత ట్రయల్స్ బండి కొనండి

పోయిన వారం ఒక తమ్ముడు నాకు నాలుగు ఫోటోలు పంపాడు. ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్కడ ఒక పెద్దాయన పాత బీఎస్ఏ ట్రయల్స్ బండి అమ్ముతున్నాడట. "అన్నా, ఇది 1962 సీ15టీ అంటున్నారు. పార్ట్ టైమ్ చేసి దాచుకున్న డబ్బు మొత్తం పెడుతున్నా. ఒకసారి చూసి చెప్పవా?" అని మెసేజ్. జూమ్ చేసి చూశా. ఫ్రేమ్ సీ15దే లాగుంది. ఇంజన్ మాత్రం సీ15ది కాదు. అది ఎలా తెలిసిందో ఈ రోజు చెప్తా.

ముందు ట్రయల్స్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. ఇది రేసు కాదు. స్పీడుతో పనే లేదు. బండరాళ్లు, బురద, వాగు, ఏటవాలు గట్టు, వీటి మీద కాలు కింద పెట్టకుండా మెల్లగా బండి నడిపించాలి. ఒకసారి కాలు ఆన్చితే 1 పాయింటు పడుతుంది. పూర్తిగా ఫెయిలైతే 5. ఎవరికి తక్కువ పాయింట్లు పడితే వాళ్లు గెలిచినట్టు. మన బుల్లెట్‌కి కూడా ఇక్కడ చరిత్ర ఉంది. 1952లోనూ, 1957లోనూ జానీ బ్రిట్టన్ అనే రైడర్ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచింది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీదే.

ఇలాంటి బండ్లు రాళ్ల మీద పడతాయి, ఇంజన్లు పగులుతాయి. దొరికిన ఇంజన్ తెచ్చి బిగిస్తారు. అరవై ఏళ్లలో ఒక ఫ్రేమ్ ఎన్ని ఇంజన్లు చూసుంటుందో! కాబట్టి ఇంజన్ మారడం వింతేం కాదు. మారిందని మనకు తెలియకపోతేనే నష్టం.

ఈ మాట అనుభవంతో చెప్తున్నా. నేను మొదట కొన్నది పాత బుల్లెట్. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు. సౌండ్ విని పడిపోయా, నంబర్ చూడలేదు. పేరు మార్పించుకోవడానికి వెళ్తే ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, బండి మీద ఇంకో నంబరు. ఆరా తీస్తే ముందు ఓనర్ ఎప్పుడో ఇంజన్ మార్పించి, కాగితాల్లో ఎక్కించలేదు. ఆయన ఇప్పుడు లేడు. మోసం చేశాడని కూడా అనలేను. బండి మాత్రం మా పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. అమ్మ దాన్ని ఒక్క మాట అనలేదు. అదే ఇంకా గుచ్చుకుంటుంది.

సరే, విషయంలోకి వద్దాం. ఇంజన్‌ని గుర్తుపట్టడానికి మూడు మెట్లు.

మొదటిది నంబర్. బీఎస్ఏ సీ15లో ఇంజన్ నంబరు ఎడమ పక్క క్రాంక్‌కేస్ మీద, సిలిండర్ బారెల్ కిందే ఉంటుంది. ముందున్న అక్షరాలే మోడల్ పేరు. సీ15 అంటే మామూలు రోడ్డు బండి, సీ15టీ అంటే ట్రయల్స్, సీ15ఎస్ అంటే స్క్రాంబుల్స్. బీ40 అని ఉంటే అది పెద్ద ఇంజన్. గ్రీజు తుడిచి, టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. నంబరున్న చోట మాత్రమే ఆకురాయి పెట్టి రుద్దినట్టు నున్నగా ఉందా? అంకెల సైజులు తేడాగా ఉన్నాయా? అయితే ఎవరో మళ్లీ కొట్టారని అనుమానించాలి. ఈ బాధ తప్పించడానికే ట్రయంఫ్ వాళ్లు 1960ల చివర్లో నంబర్ కొట్టే చోట చిన్న చిన్న లోగోలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. నంబర్ గీకితే లోగోలు కూడా పోతాయి, దొరికిపోతారు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. ఇంజన్ నంబరు, ఫ్రేమ్ నంబరు ఒకటే ఉండాలి అనుకుంటారు. అన్ని కంపెనీలకీ ఆ రూల్ లేదు. స్పెయిన్ బండి బుల్టాకో షెర్పాలో ఫ్రేమ్‌కి బీ, ఇంజన్‌కి ఎమ్ అక్షరం ముందు పెట్టి, వెనకాల అంకెలు రెండింటికీ ఒకటే కొట్టేవాళ్లు. అవి కలవకపోతే ఇంజన్ మారినట్టే. కానీ 1960ల మొదట్లో వచ్చిన బీఎస్ఏలో ఫ్యాక్టరీ నుంచే అంకెలు వేరు. కలవలేదని బెదిరిపోకండి. కొత్తగా కొట్టి కలిపి చూపిస్తేనే భయపడండి!

రెండో మెట్టు రూపం. నంబర్ మార్చొచ్చు గానీ, పోత పోసిన లోహాన్ని మార్చడం అంత తేలిక కాదు. సీ15లో పుష్‌రాడ్లు వెళ్లే గొట్టం బారెల్ పక్కన విడిగా కనిపిస్తుంది. బీ40లో ఆ దారి బారెల్ పోతలోనే కలిసిపోయి ఉంటుంది. తమ్ముడి ఫోటోలో గొట్టమే లేదు. ఇంకొకటి, ఇగ్నిషన్ పాయింట్లు. పాత వాటిలో సిలిండర్ వెనకాల డిస్ట్రిబ్యూటర్ నిలువుగా లేచి ఉంటుంది. 1965 మోడళ్ల నుంచి పాయింట్లు కుడి పక్క టైమింగ్ కవర్‌లోకి వచ్చాయి. ఆ ఫోటోలో కవర్ మీదే ఉన్నాయి. అంటే 1962 బండి అన్నమాట నిలబడలేదు. ఇది చిన్న విషయం కాదు. అక్కడ ప్రీ-65 అని, 1965కి ముందు బండ్లకే పెట్టే పోటీలు ఉన్నాయి. డబ్బు పెట్టే ముందే ఆ ఈవెంట్ వాళ్లని ఈ ఇంజన్ ఒప్పుకుంటారా అని అడగాలి.

మూడో మెట్టు కొలత. స్పార్క్ ప్లగ్ తీసి, ప్లాస్టిక్ స్ట్రా దించి, పిస్టన్ కింద నుంచి పైకి ఎంత కదిలిందో చూస్తే స్ట్రోక్ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఇనుప పుల్ల వాడొద్దు, పిస్టన్ గీరుకుపోతుంది. బుల్లెట్ 350కి స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. కానీ సీ15కీ బీ40కీ రెండింటికీ 70! స్ట్రా వీటి తేడా పట్టలేదు. తేడా బోర్‌లో ఉంది. సీ15కి 67, బీ40కి 79. హెడ్ విప్పితేనే తేలుతుంది. లెక్క సులువే. బోర్‌ని బోర్‌తో, తర్వాత స్ట్రోక్‌తో, తర్వాత 0.785తో గుణించండి. సెంటీమీటర్లలో వేస్తే సీసీ వస్తుంది. ఒకటి సుమారు 247, రెండోది 343.

మరి బీ40 ఇంజన్ సీ15 ఫ్రేమ్‌లో ఎందుకు పెడతారు? ఒకే కుటుంబం ఇంజన్లు, పెద్ద మార్పుల్లేకుండా కూర్చుంటాయి, కింద నుంచి లాగుడు పెరుగుతుంది. బిగించేటప్పుడు నాలుగు జాగ్రత్తలు.

ఒకటి, బోల్ట్‌తో లాగి ఫ్రేమ్‌ని ఇంజన్‌కి ఆనించకండి. సందుంటే సరైన మందం వాషర్ వేయండి. లేకపోతే అల్యూమినియం చెవి పగులుతుంది. హెడ్‌ని ఫ్రేమ్‌కి పట్టే బ్రాకెట్ కొత్తది చేయించాల్సి రావచ్చు. రెండు, చైన్ లైన్. వెనక స్ప్రాకెట్‌కి తిన్నని స్కేల్ ఆనించి, ముందు స్ప్రాకెట్ అదే గీతలో ఉందా చూడండి. మూడు, గేరింగ్. ట్రయల్స్‌కి మనిషి నడక వేగంలో లాగాలి, రోడ్డు బండి స్ప్రాకెట్ పనికిరాదు. నాలుగు, ఆయిల్ పైపులు. వీటిలో ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది. ఒక పైపు ఇంజన్‌కి తెస్తుంది, ఇంకోటి వెనక్కి పంపుతుంది. తారుమారైతే ఇంజన్ కాసేపట్లోనే పట్టేస్తుంది. ప్లగ్ తీసి కిక్ కొడుతూ ఉండండి. ట్యాంకులోకి ఆయిల్ తిరిగి వస్తోందని కంటితో చూశాకే స్టార్ట్ చేయండి.

చివరిది కాగితం. ఇంగ్లండ్‌లో ఇంజన్ నంబరు గానీ సీసీ గానీ మారితే డీవీఎల్ఏకి చెప్పి లాగ్‌బుక్‌లో మార్పించుకోవాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు తప్పయ్యేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇంజన్ మార్చాలంటే ముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి అడగండి, బిల్లు దాచుకోండి.

తమ్ముడు ఇదంతా ఆ పెద్దాయన్ని మర్యాదగా అడిగాడు. ఆయన దాచలేదు. "అవును, చాలా ఏళ్ల కిందట నేనే మార్చాను, కాగితం సంగతి మర్చిపోయా" అన్నాడట. లాగ్‌బుక్ సరిచేయించాకే ఇస్తానని, రేటు కూడా తగ్గిస్తానని చెప్పాడు. తమ్ముడు ఇప్పుడు ఆ కాగితం కోసం చూస్తున్నాడు. పోటీకి పనికొస్తుందో లేదో కూడా కనుక్కుంటున్నాడు. నేను ఆ రోజు చేయని పని అది.

మీ ఇంట్లో తాతగారి బండి, నాన్నగారి బండి ఉంటే ఈ సాయంత్రం ఒక గుడ్డ, ఒక టార్చ్ తీసుకెళ్లండి. ఇంజన్ నంబరు తుడిచి, ఆర్సీ పక్కన పెట్టి చదవండి. ఉంటా మరి.