మొహం చూపించని అద్దం

మన ఇళ్ళల్లో ఈ మధ్య తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. "మావాడు రాత్రి రెండింటిదాకా కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో తవ్వుతున్నాడండీ. ఏమిట్రా అంటే పాతకాలం అద్దం అంటాడు. లేని అద్దానికి అంత శ్రమా?" పిల్లల తరఫునో, పెద్దల తరఫునో వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాసుకు బతుకుతున్నవాణ్ణి కనుక ఆ అద్దం అసలేమిటో చెప్పగలను.

ఉదాహరణకి 'ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' అనే ఆట తీసుకుందాం. 2014లో వచ్చింది. ఎక్కడెక్కడివాళ్ళో ఒకే ఊహాలోకంలో కలిసి తిరుగుతారు. కత్తులూ, మంత్రాలూ సరే. 2017లో ఆటగాళ్ళు ఇళ్ళు కొనుక్కుని సర్దుకునే వీలు వచ్చింది. 2020లో పురాతన వస్తువుల వేట మొదలయింది. ముందు ఆచూకీ దొరకాలి. తరవాత ఒక పజిల్ విప్పితే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. గడువు లోపల మట్టి తొలిచి, వస్తువు పగలకుండా పైకి తియ్యాలి. దొరికినవాటిలో కొన్ని ఇంట్లో పెట్టుకునే సామాన్లు. ఆ వస్తువు ఎవరిదై ఉంటుంది, ఏ కాలంది అని ఆటలోని పండితులు రాసిన వ్యాఖ్యలు కూడా చదవచ్చు. కల్పితమే అయినా, ఒక వస్తువుకి వెనక చరిత్ర ఉంటుందన్న ఊహ పిల్లలకి అలవాటవడం మంచిదే అంటాను.

ఇక అద్దం సంగతి. ఇలాంటి ఆటల్లో ఎంత అపురూపమైన అద్దం గోడకి తగిలించినా అందులో మన బొమ్మ కనబడదు. మసకగా, మరకలు పడి ఉంటుంది. దీని వెనక చాలా ఇంజనీరింగు ఉంది.

తెరమీద బొమ్మ సెకనుకి అరవై సార్లు కొత్తగా గీయబడుతుంది. ఒక్కో బొమ్మకీ ఉన్న వ్యవధి పదహారు మిల్లీసెకన్ల పైచిలుకు. గదిలో అద్దం ఉంటే, మనం అద్దానికి ఎంత ముందున్నామో అంత వెనకనుంచి ఇంకొక కన్ను చూస్తున్నట్టు ఆ గదినంతా మళ్ళీ గియ్యాలి. పని ఇంచుమించు రెట్టింపు. ఎదురెదురుగా రెండద్దాలు పెట్టారనుకోండి. మన ఊళ్ళో సెలూన్ గుర్తు తెచ్చుకోండి, తలకాయలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి. కంప్యూటరు ఎన్నని గీస్తుంది?

పూర్వం దీనికి తమాషా ఉపాయాలుండేవి. 1996లో వచ్చిన 'సూపర్ మారియో 64'లో అద్దాల గది ఉంది. నిజానికి అక్కడ అద్దం లేదు. అవతల తిరగేసిన ఇంకొక గది కట్టి, అందులో ఇంకొక మారియోని నడిపించారు. అదే ఏడాది వచ్చిన 'డ్యూక్ న్యూకెమ్ 3డి'లో కూడా అద్దం వెనక ఖాళీ స్థలం అట్టేపెట్టాలి. అద్దం ఎక్కడుంటుందో తయారుచేసేవాడికి ముందే తెలుసు కనుక ఆ ఉపాయాలు చెల్లాయి. ఇల్లు ఆటగాడి చేతిలో పెడితే అలా కుదరదు. అతను పది అద్దాలు తెచ్చి పడగ్గదిలోనైనా తగిలిస్తాడు, పైకప్పుకైనా తగిలిస్తాడు. కాంతికిరణాల దారిని లెక్కగట్టే గ్రాఫిక్స్ కార్డులు 2018 నుంచీ ఇళ్ళల్లోకి వచ్చాయి గాని, ఆట పాత కంప్యూటర్లమీద కూడా నడవాలి కదా.

అందుకే ఆటలో అద్దం "పురాతనం" కావడం కళాకారుడికి ఎంతో సౌకర్యమని నా అనుమానం. నిజంగానే పాత అద్దాలు మసకబారతాయి. 1835లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాజుకి వెండిపూత పూసే పద్ధతి కనిపెట్టక ముందు, గాజు వెనక తగరం, పాదరసం కలిపి అంటించేవారు. ఆ పూత కాలక్రమాన చెడి మచ్చలు పడుతుంది. మా నాయనమ్మ "రసం పోయిన అద్దం" అనేది దాన్నే.

ఇంతకీ ఆ అద్దం ఎవరిది? బొమ్మ ఒక్కటే, అందరి కంప్యూటర్లలోనూ అదే ఉంటుంది. మీవాడిదంటూ ఉన్నది కంపెనీవారి డేటాబేసులో ఒక వరస: ఫలానా ఖాతా, ఫలానా వస్తువు, ఫలానా గదిలో ఫలానా కోణంలో. లక్ష వరసలు చేర్చడం కంపెనీకి పెద్ద ఖర్చు కాదు. అరుదు అన్నది కూడా ఎవరో కూర్చుని నిర్ణయించిన సంఖ్యే. సంతకం పెట్టకుండానే ఒప్పుకున్న షరతుల ప్రకారం మనకి దక్కేది వాడుకునే అనుమతి, సొత్తు కాదు. ఇళ్ళ అలంకరణకి పేరుపడ్డ 'స్టార్ వార్స్ గెలాక్సీస్' 2011 డిసెంబరు 15న మూతపడినప్పుడు ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి సర్దుకున్న ఇళ్ళన్నీ పోయాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచీ ఒక చట్టం అమల్లో ఉంది. అమ్మేది అనుమతి మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు మీద "కొనండి" అని రాయకూడదు.

కనుక క్రెడిట్ కార్డు అడిగినప్పుడు పిల్లల పక్కన కూర్చుని ఆ షరతులు ఒకసారి చదవండి. తవ్వి తీసిన అద్దమైతే డబ్బు గొడవ లేదు, పోయిందల్లా నిద్రే. సర్దుకున్న గదికి నాలుగు వైపులనుంచీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమని మా అమ్మాయికి చెప్పాను. ఆట మూసేసినా అవి మన కంప్యూటర్లోనే ఉంటాయి.